రెండు మంటలు

చదువవలసిన భాగములు: యోహాను 18:15-27, 21:1-19



మన హృదయము మనము కోరకయే కొన్ని పాఠములు నేర్చుకొనును. రష్యా శాస్త్రజ్ఞుడైన ఈవాన్ పావ్లోవ్ దీనిని కుక్కలయందు పరిశోధించెను. ఆహారము నోట పడగానే లాలాజలము ఊరుట సహజము. ఆయన ఆహారమునకు ముందు ప్రతిసారియు ఒక శబ్దము వినిపించుచు వచ్చెను. కొంతకాలమునకు ఆహారము లేకున్నను ఆ శబ్దమునకే కుక్కకు నోరూరెను. పిమ్మట ఆహారము పెట్టక శబ్దమునే మరల మరల వినిపింపగా ఊరుట మానెను. అయితే కొంత విరామము తరువాత అదే శబ్దమునకు మరల నోరూరెను. పాత పాఠము చెరిగిపోలేదు, అణగియుండెను.

భయమును ఇట్లే నేర్చుకొందుము. పాము కరచినవాడు త్రాడును చూచియు జడియునని పెద్దలందురు. గద్దించినంతమాత్రమున ఆ భయము పోదు.

అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అను ఆమె 1924లో పీటర్ అను చిన్న బాలుని సంగతి ప్రకటించెను. వానికి కుందేలనిన మిక్కిలి భయము. భయము లేని పిల్లలతో కలిపి ఆడింపగా అది కొంత తగ్గెను. అయితే వాడు జబ్బుపడి లేచిన పిమ్మట ఒక పెద్ద కుక్కకు జడియగా పాత భయము తిరిగి వచ్చెను. ఆమె విసుగక, వానికి ఇష్టమైన ఆహారము పెట్టుచు, కుందేలును దూరమునుండి కొంచెము కొంచెముగా దగ్గరకు తెచ్చెను. తుదకు వాడే దానిని ప్రీతితో నిమిరెను.

పీటర్ అనగా పేతురే. మన పేతురు ప్రధానయాజకుని ముంగిట చలిమంటయొద్ద నిలిచి ప్రభువును ఎరుగననెను. తరువాత సముద్రతీరమున ప్రభువు నిప్పులు సిద్ధపరచి, చేపయు రొట్టెయు పెట్టెను. ఈ రెండు చోట్లను గ్రీకు మూలములో బొగ్గుల మంటకు ఒకే మాట కలదు. ఆ మాట క్రొత్త నిబంధనలో మరెక్కడను లేదు. సిగ్గుపడిన మంటవంటి మంటయొద్దనే పేతురునకు భోజనము దొరకెను. ప్రభువు మొదట తినిపించెను, తరువాతనే ముమ్మారు ప్రశ్నించెను. పేతురు శబ్దమునకు నోరూరు కుక్క కాడు గనుక పేరుపెట్టి పిలిచి, అతని నోటనే ఉత్తరము కోరెను.

గుడిలో ఒకనాడు అవమానపడి, నేటికిని గంట వినగానే గుండె బరువెక్కువారు మన మధ్య కలరు. ఏల రావని వారిని నిలదీయకుడి. ముందు మీ యింట భోజనమునకు పిలువుడి. ఒక మారు వచ్చి మరల మానినయెడల విసుగకుడి, మరల పిలువుడి.

ప్రభువా, మా భయములయొద్దకే వచ్చి మాకు రొట్టె విరువుము. ఆమేన్.