చిన్నా, ముందు మానిటర్ వెనక చూడు

టాటీబంధ్ ఆఫీసులో రెండు కంప్యూటర్లు, రెండు మానిటర్లు నీ చేతికొచ్చాయని మీ అమ్మ చెప్పింది. రెండు తెరలూ రెండిటికీ పనికొచ్చేలా పెట్టుకుంటావట. మంచి ఆలోచన. కానీ ఏ స్విచ్ బాక్సూ కొనకముందు మానిటర్ల వెనక ఎన్ని సాకెట్లున్నాయో చూడు నాన్నా.

సాధారణంగా రెండు ఉంటాయి. ఒకటి హెచ్‌డీఎంఐ, రెండోది వీజీఏనో డిస్‌ప్లే పోర్టో. ట్యాలీ ఖాతాలున్న కంప్యూటర్‌ను రెండు మానిటర్లకూ ఒక రకం సాకెట్‌తో, ఈ-వే బిల్లు కంప్యూటర్‌ను రెండో రకంతో కలుపు. నాలుగు కేబుళ్ళు, అంతే. ఒక్కో సీపీయూకీ తెరకు పోయే సాకెట్లు రెండుండాలి, అది ముందే సరిచూసుకో. ఇక ఏ తెర మీద ఏ కంప్యూటర్ కావాలన్నా మానిటర్ బటనే మారుస్తుంది. మామూలు రోజుల్లో ఎడమ తెర ట్యాలీకి, కుడి తెర ఈ-వే బిల్లుకు. 11వ తేదీ లోపల జీఎస్‌టీఆర్-1 వెయ్యాల్సొచ్చినప్పుడు రెండూ ఒకదానికే ఇచ్చుకో. కీబోర్డుకీ మౌస్‌కీ చిన్న యూఎస్‌బీ స్విచ్ చాలు. అన్నీ ఒకేసారి మార్చే పెద్ద పెట్టె కొంటే చాలావాటిలో రెండు తెరలూ కలిసే మారతాయి. చెరొకటి పంచుకోవడం కుదరదు.

వీజీఏ 1987 నాటిది. కుదిరితే దాన్ని వాడకు. దాని మీద అక్షరాలు కొంచెం అలుక్కుపోతాయి. రాత్రి పదింటికి లోడు పూర్తయ్యాక, కళ్ళు మండుతుంటే, లారీ నంబర్‌లో 8 ఏదో, బీ ఏదో తెలియదు. కారణం ఏదైనా, నంబరు తప్పు పడితే ఎంత నష్టమో నేను చూశాను.

ఒకసారి విశాఖ వెళ్ళే ఇనుము లోడు. ఎడమ తెర మీద అంతకుముందు లారీ బిల్టీ అలాగే ఉండిపోయింది. అది చూసే ఈ-వే బిల్లు పార్ట్-బీలో బండి నంబరు కొట్టేశాను. కేశకాల్ ఘాట్ ఎక్కకముందే బండి ఆపేశారు. కాగితంలో ఉన్న బండి ఒకటి, రోడ్డు మీదున్న బండి ఇంకొకటి. డ్రైవర్ రెండు రాత్రులు క్యాబిన్‌లోనే పడుకున్నాడు. ఇంటి దగ్గర అతని కూతురికి జ్వరం. డబ్బు పోయిందని కాదురా, అతను ఫోన్‌లో మాట్లాడిన గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. మన ఆఫీసు నుంచి విశాఖ 500 పైచిలుకు కిలోమీటర్లు. 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన బిల్లుకు మూడు రోజులే గడువు. అందులో రెండు రోజులు నా చూపు పొరపాటుకే పోయాయి.

అందుకే చెప్తున్నా. ఒక లోడు పని కాగానే రెండు తెరలూ ఖాళీ చెయ్యి. ట్యాలీ కంప్యూటర్ తెర రంగు ఆకుపచ్చ పెట్టు, రెండోదానికి తెలుపు. ఇంకో ముఖ్యమైన మాట. మానిటర్ బటన్ వేరు, కీబోర్డు స్విచ్ వేరు. ఒకటి మార్చి రెండోది మరిచిపోతే కళ్ళు ఒక కంప్యూటర్‌లో, చేతులు ఇంకోదాన్లో ఉంటాయి. టైపు చేసే ముందు మౌస్‌ని ఒక్కసారి కదిపి, బాణం ఏ తెర మీద కదిలిందో చూసుకో. బండి నంబరు డ్రైవర్‌నే పైకి చదవమను, నువ్వు తెర మీద చూస్తూ విను.

ఒకే మౌస్‌ని రెండు కంప్యూటర్ల మీదా నడిపే సాఫ్ట్‌వేర్లున్నాయి, ఉచితంగానే దొరుకుతాయి. నువ్వు మాత్రం పెట్టుకోకు. అవి పనిచెయ్యాలంటే రెండు కంప్యూటర్లూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి, ఈ-వే బిల్లుదేమో ఇంటర్నెట్‌లో ఉంటుంది. ఖాతాల కంప్యూటర్‌ను ఇన్నేళ్ళూ ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచాం, అలాగే ఉండనీ.

కేబుల్‌కి రెండు కొసలా కాగితం చుట్టి పేరు రాయి. మానిటర్లూ యూపీఎస్ మీదే ఉండాలి, వేసవిలో కరెంటు సంగతి నీకు తెలిసిందే.

ఆదివారం భిలాయి నుంచి వస్తాను. నేను వచ్చేదాకా పాత కేబుళ్ళు ఒక్కటి కూడా పారెయ్యకు.

మీ పెదనాన్న