మౌసు తిప్పితే వస్తుంది

2019 దసరాకి ఊరెళ్ళినప్పుడు నాన్న లాప్‌టాప్‌లో డెబియన్ 10 వేసి ఇచ్చాను. అది నా బీటెక్ చివరి ఏడాదిలో నాన్నే కొనిపెట్టింది, కోర్ టూ డ్యుయో కాలం నాటిది. నేను వాడి వదిలేస్తే మళ్ళీ ఆయన దగ్గరికే చేరింది. విండోస్ మోయలేక మూలుగుతుంటే పాత హార్డ్‌డిస్కు పీకేసి ఎస్‌ఎస్‌డీ బిగించాను. పైన తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ పెట్టాను. "ఇంక చూడు, గుర్రంలా పరిగెడుతుంది" అని చెప్పి హైదరాబాదు బస్సెక్కాను.

రెండు వారాలకి ఫోన్. "ఏరా, స్విచ్చేశాక నల్లటి తెర మీద రెండు నిమిషాలు నిలబడిపోతోంది. పాస్‌వర్డ్ అడిగే బొమ్మ రావట్లేదు." పాతది కదా నాన్నా అన్నాను. ఇంకో వారానికి ఆయనే కనిపెట్టాడు: "మౌసు గిరగిరా తిప్పితే వెంటనే వచ్చేస్తోందిరా."

నవ్వాను. ఇలాంటివి ఆఫీసులో రోజూ వింటాం. ఫలానా బటన్ రెండుసార్లు నొక్కితేనే పనిచేస్తుంది, ఫలానా మీటింగ్ రూమ్‌లోనే వైఫై వస్తుంది. నాన్నకి కాకతాళీయ న్యాయం గురించి చెప్పాను. కాకి వాలింది, తాటిపండు రాలింది, రెండిటికీ సంబంధం లేదు అని. ఆయన కాసేపు ఆగి, "రోజూ అదే కాకి, అదే చెట్టు, అదే పండూనా?" అన్నాడు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు, ఆయన పొరపాటు నిరూపించడానికే కూర్చున్నాను. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఆరుసార్లు ఆన్ చేశాను. ఏమీ ముట్టుకోకపోతే దాదాపు రెండు నిమిషాలు. మౌసు తిప్పితే ఇరవై సెకన్లలోపు. ఆరుసార్లూ అంతే. నాన్న పక్కన కుర్చీలో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు, ఒక్క మాట అనలేదు.

డిస్కు పనేమీ చెయ్యట్లేదు. ప్రాసెసర్ ఖాళీగా ఉంది. సిస్టమ్‌డీ ఇచ్చే లెక్కలో దేన్ని తప్పుపట్టాలో తెలియలేదు. చివరికి కెర్నెల్ లాగ్‌లో ఒక ముక్క దొరికింది: "రాండమ్: సీఆర్‌ఎన్‌జీ ఇనిట్ డన్". మామూలుగా ఆన్ చేసిన రోజు అది నూట ఎనిమిదో సెకను దగ్గరుంది. మౌసు తిప్పిన రోజు పదిహేడో సెకను దగ్గరుంది. రెండుసార్లూ దాని వెనకే లాగిన్ తెర వచ్చింది.

సంగతేమిటంటే, లాగిన్ తెర గియ్యాలంటే ముందు డిస్‌ప్లే సర్వర్ తలుపుకి ఒక తాళం కావాలి. 128 బిట్ల రహస్య సంఖ్య అది, ఎవరూ ఊహించలేనిదై ఉండాలి. దాన్ని ఇవ్వాల్సింది కెర్నెల్. కానీ కంప్యూటర్ అనేది చెప్పింది చెప్పినట్టు చేసే యంత్రం, ఊహించలేని పని చెయ్యడం దాని స్వభావంలో లేదు. అందుకని కెర్నెల్ బయటి ప్రపంచం మీద ఆధారపడుతుంది: ఏ మీట ఏ క్షణంలో నొక్కారు, మౌసు ఎప్పుడు కదిలింది, తిరిగే డిస్కు ఎంతసేపటికి జవాబిచ్చింది, ఇలాంటి సూక్ష్మమైన కాల భేదాల్ని చుక్కచుక్కగా పోగుచేస్తుంది. తగినంత పోగయ్యేదాకా, "నా దగ్గర ఇంకా లేదు, ఆగు" అంటుంది. కొత్త ప్రాసెసర్లలో అయితే దీనికోసం ఆర్‌డీర్యాండ్ అనే ఆదేశం ఉంది. ఈ పాతదాన్లో లేదు. తిరిగే డిస్కు ఉన్నా కొంత నయమే. దాన్ని నేనే పీకేశాను. ఎస్‌ఎస్‌డీ జవాబిచ్చే సమయాల్ని కెర్నెల్ మామూలుగా ఈ లెక్కలో వెయ్యదు. వేగం కోసం నేను చేసిన పనే మెషీన్ని కూర్చోబెట్టింది. అది ఎదురుచూస్తున్నది మనిషి చేతి కదలిక కోసం. నాన్న ఆ చెయ్యి అందించాడు.

ఆయనకి చెప్పాను. ఆశ్చర్యపోతాడనుకున్నాను. "అదే కదరా నేననేది. కండెన్సర్ పోయిన ఫ్యాను లాంటిది. కరెంటు ఉంటుంది, వైండింగు బావుంటుంది, మూలుగుతూ నిలబడుతుంది. కర్రతో ఒక్క తోపు తోస్తే అందుకుంటుంది."

నాన్న ముప్పై ఏళ్ళు నరసరావుపేటలో మోటారు వైండింగ్ షాపు నడిపాడు. ఆయనకి ఎంట్రొపీ తెలియదు. కానీ యంత్రం పాడైపోలేదనీ, మొదలవడానికి కావలసిందేదో దానికి అందట్లేదనీ, అది బయట్నుంచి ఇవ్వొచ్చనీ పట్టుకున్నాడు. ఇందులో తప్పేముంది?

ఎనిమిదో శతాబ్దంలో ధర్మోత్తరుడనే బౌద్ధ తార్కికుడు ఒక ఉదాహరణ ఇచ్చాడు. మాంసం కాల్చుకోడానికి ఎవరో అప్పుడే నిప్పు రాజేశారు. పొగ ఇంకా లేవలేదు. వాసనకి ఈగలు ముసిరాయి. దూరాన్నుంచి చూసినవాడు ఆ ఈగల గుంపుని పొగ అనుకుని, అక్కడ నిప్పుందని తేల్చుకున్నాడు. నిప్పు నిజంగానే ఉంది. మరి వాడికి నిప్పు ఉందని 'తెలుసు' అనొచ్చా? 1963లో ఎడ్మండ్ గెటియర్ మూడు పేజీల వ్యాసంలో ఇలాంటి ప్రశ్నే వేస్తే పాశ్చాత్య తత్వవేత్తలు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. నేను మొదట నాన్నని ఈ ఈగల్ని చూసినవాడి పక్కన నిలబెట్టాను: నిజమే చెప్పాడు, కానీ తెలిసి చెప్పలేదు అని. ఆలోచించేకొద్దీ ఆ పోలిక నాకే అతుకుతోంది అనిపించింది. ఆయన రోజూ చూసి, పోల్చి, మళ్ళీ పరీక్షించి చెప్పాడు. నేను చూడకుండానే ఒక సంస్కృత న్యాయం వల్లించాను. అందులో పాండిత్యం ఉంది కాబట్టి అది జ్ఞానం అనుకున్నాను. (మా వృత్తిలో కారణం తెలియనప్పుడు వాడే మర్యాదైన మాటలు చాలా ఉన్నాయి. 'ఎన్విరాన్‌మెంట్ ఇష్యూ' వాటిలో పెద్దది.)

ఇంతవరకూ అయితే ఇది కొడుకు గర్వభంగం కథ, రాయాల్సినంత విషయం కాదు. నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఆ తర్వాత నేను చేసింది.

ఆ రాత్రి హావెజ్‌డ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేశాను. ప్రాసెసర్ తన పని తాను చేసుకునేటప్పుడు వచ్చే అతి చిన్న కాలపు తేడాల్ని కొలిచి, వాటిని ఎంట్రొపీగా కెర్నెల్‌కి అందిస్తుంది. చాలామంది వాడేదే. పొద్దున్న లాగిన్ తెర పదిహేను సెకన్లలో వచ్చింది. నాన్న "ఏం చేశావురా?" అన్నాడు. "అప్‌డేట్ చేశాలే" అన్నాను.

అప్‌డేట్ కాదది. ఆగమన్న కాపలావాడికి ఇంకెవరిచేతో "చాల్లే, లోపలికి పంపు" అని చెప్పించడం. ప్రాసెసర్ సొంత తడబాటులో దొరికేది నిజంగా ఊహించలేనిదేనా అన్న వాదన అప్పటికి నిపుణుల మధ్యే తెగలేదు. బహుశా సరిపోతుంది. నాన్న విషయంలో దాదాపు తప్పకుండా సరిపోతుంది. కానీ ఆ 'బహుశా'ని నేను ఆయన తరఫున ఒప్పుకున్నాను, ఆయన బ్యాంకు లాగిన్ కూడా ఆ కుండలో నీళ్ళే తాగుతుంది, ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

ఆ ఎదురుచూపు ఊరికే పెట్టింది కాదు. 2012లో నడియా హెనింగర్, ఆమె సహచరులు ఇంటర్నెట్‌ని జల్లెడపట్టి చూస్తే, టీఎల్‌ఎస్ వాడే యంత్రాల్లో 0.5 శాతం వాటి రహస్య తాళంచెవులు లెక్కగట్టి బయటికి తియ్యగలిగారు. చాలావరకు రౌటర్లలాంటి చిన్న పెట్టెలు. మొదటిసారి ఆన్ అయిన వెంటనే, పోగు కావలసింది పోగవకముందే తాళాలు తయారుచేసుకున్నాయి. వాటిని ఎవరూ ఆగమనలేదు. 2018లో లినక్స్ కెర్నెల్ కూడా తాను 'సిద్ధం' అని కాస్త ముందుగానే చెప్పేస్తోందని బయటపడి, సరిచేశారు. ఆ దిద్దుబాటు తర్వాతే చాలామంది లాగిన్ తెరలు నత్తనడక పట్టాయి. అంటే మునుపటి వేగంలో కొంత అబద్ధం ఉందన్నమాట.

ఇంతకంటే నన్ను వెంటాడేది డెబియన్‌దే పాత కథ. 2006లో, ఒక తనిఖీ పరికరం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌లో రెండు పంక్తుల గురించి గొణుగుతోందని వాటిని తీసేశారు. గొణుగుడు ఆగింది, ప్రోగ్రామ్ మునుపటిలాగే నడిచింది. యాదృచ్ఛికతని పోగుచేసేవి ఆ పంక్తులే. 2008 మేలో సంగతి బయటపడేసరికి, ఆ మధ్యకాలంలో డెబియన్, ఉబుంటు మెషీన్ల మీద పుట్టిన తాళాలు ఒక్కో రకంలో గరిష్ఠంగా 32,768 మాత్రమే అని తేలింది. ఆ పని చేసినాయన నిర్లక్ష్యంగా చెయ్యలేదు. తీసెయ్యొచ్చా అని ఆ ప్రాజెక్టు వాళ్ళని ముందుగా అడిగాడు, ఫర్వాలేదన్నట్టుగా జవాబొచ్చింది. అందుకే నాకు ఆయన మీద కోపం రాదు. ఆయన అడిగాడు. నేను పక్క గదిలో పడుకున్న మనిషిని కూడా అడగలేదు.

అలాగని 'ఆగడమే ధర్మం' అనేసి ఊరుకోలేను. 2019 సెప్టెంబరులో ఎక్స్‌ట్4 ఫైల్ వ్యవస్థని మెరుగుపరిచే ఒక మార్పు వచ్చింది. డిస్కు దగ్గరికి వెళ్ళే సార్లు తగ్గాయి. తగ్గేసరికి ఒకాయన లాప్‌టాప్‌లో చాలినంత ఎంట్రొపీ పోగవక, లాగిన్ తెర రాకుండా ఆగిపోయింది. నా ఎస్‌ఎస్‌డీ కథే. లినస్ టోర్వాల్డ్స్ కెర్నెల్ 5.3 విడుదలకి ముందు ఆ మార్పుని వెనక్కి తీసేశాడు. అందులో బగ్ లేదనీ, చెయ్యాల్సింది చక్కగా చేసిందనీ తనే చెప్పాడు. అయినా తీసేశాడు, ఎందుకంటే నిన్నటిదాకా ఆన్ అయిన మెషీన్ ఇవాళ ఆన్ కాకపోతే ఆ మనిషికి మన సిద్ధాంతంతో పనేముంది? తర్వాత వచ్చిన 5.4లో, బయటి చెయ్యి అందకపోతే ప్రాసెసర్ తడబాటు నుంచే తోడుకునే ఏర్పాటు కెర్నెల్‌లోనే పెట్టాడు. హావెజ్‌డ్ చేసే పనికి దగ్గరి చుట్టమే. రెండు నిమిషాలు నల్లతెర ముందు కూర్చునే మనిషిదీ ఒక హక్కే, నేనొప్పుకుంటాను. లినస్ చేసిందీ నేను చేసిందీ ఒకటేనా అంటే మాత్రం కాదు. ఆయన చేసింది కారణంతో సహా అందరూ చదివేలా రాసి ఉంది.

నాన్న షాపులో ఒక అలవాటుండేది. త్రీఫేజ్‌లో ఒక ఫేజ్ పోతే పంపు మోటారు కాలిపోకుండా స్టార్టర్‌లో ప్రివెంటర్ ఉంటుంది, ట్రిప్ చేసేస్తుంది. చేను ఎండుతుంటే రైతుకి ఆ ట్రిప్పే శత్రువు. "డైరెక్ట్ చెయ్యి మావా" అని మీద పడేవాళ్ళు. నాన్న కొన్నిసార్లు చేసేవాడు. చెయ్యకపోతే పక్క షాపువాడు చేస్తాడు, పంట ఆగదు. కానీ చేసే ముందు "ఫేజ్ పోతే మోటారు కాలుద్ది, తెలిసే అడుగుతున్నావా?" అని ఒకటికి రెండుసార్లు అనిపించుకునేవాడు. తర్వాత స్టార్టర్ మూత లోపలి వైపు పెయింటుతో 'డైరెక్ట్' అని రాసి తేదీ వేసేవాడు. చిన్నప్పుడు సెలవుల్లో ఆ అక్షరాలు నాచేతే రాయించేవాడు. మూత మూస్తే కనపడదు కదా, ఎవరి కోసం అని అడిగాను. "తరవాత విప్పేవాడి కోసం" అన్నాడు.

కనుమ రోజు తిరిగి బయల్దేరే ముందు నాన్నకి చెప్పాను, అప్‌డేట్ కాదు, డైరెక్ట్ చేశానని. ఎందుకు ఆగుతోందో, ఆగడం వల్ల లాభమేమిటో, ఇప్పుడేం పెట్టానో, తెలిసినంతలో తెలుగులో చెప్పాను. ఇరవై నిమిషాలు పట్టింది. అర్థం కాదనుకున్నవన్నీ అర్థమయ్యాయి. ఒకటే అడిగాడు: "నేను తిప్పితే నా చెయ్యి తిరుగుతోందని నాకు తెలుసు. ఇప్పుడు దాన్ని అదే తోసుకుంటోందంటున్నావు. నిజంగా తోసుకుంటోందా, తోసుకున్నట్టు లెక్క చూపిస్తోందా?"

నిపుణులు వాదించుకుంటున్నది సరిగ్గా దీని గురించే అన్నాను.

"తీసెయ్యమంటావా మరి?"

"నువ్వు చెప్పు నాన్నా."

కాసేపు ఆలోచించాడు. "రెండు నిమిషాలేగా. టీ పెట్టుకుంటాను. తీసెయ్యి" అన్నాడు.

తీసేశాను. ఇప్పటికీ ఫోన్ చేస్తే ఒక్కోసారి వెనక టకటకమని చప్పుడు వినిపిస్తుంది. బల్ల మీద మౌసు.