పట్టిన కుందేలు

పులిహోరలో ఇంగువ వెయ్యాలా వద్దా అని నిన్న మా ఇంట్లో వాదన. నా గొంతు లేచింది, చెవులు వేడెక్కాయి. తర్వాత తెలిసింది, నాకు ఆ ఇంగువ మా అమ్మమ్మ చేతి వాసన. మనం పట్టుకున్న అభిప్రాయం వెనుక మనుషులుంటారు, గడిచిన ఏళ్లుంటాయి. దాన్ని కాదంటే వాళ్లనే కాదన్నట్టుంటుంది.

అందుకే కందుకూరి వీరేశలింగంగారంటే నాకు అంత గౌరవం. పెదవులు కలవని అక్షరాలతో నైషధం రాసిన గ్రాంథిక పండితుడాయన. 1919లో, డెబ్బయ్యేళ్ల వయసులో, వాడుక భాషలోనే రాయాలన్న గిడుగు రామమూర్తిగారి పక్షాన నిలిచి వ్యావహారిక భాషా సమాజానికి అధ్యక్షులయ్యారు. ఆ మే నెలలోనే కన్నుమూశారు. అన్నేళ్ల కష్టాన్ని పక్కకు జరుపుతుంటే ఆయన మనసు ఎంత కలుక్కుమందో!