తప్పెవరిదో అడగని మనిషి

స్యూ జాన్సన్ బాల్యం ఇంగ్లండ్‌లో, అమ్మానాన్నలు నడిపిన పబ్‌లో గడిచింది. తాగడానికొచ్చినవాళ్ల గొడవలు, డాన్సులు, సరసాలు అన్నీ చూస్తూ పెరిగినా, ఆ పిల్ల ధ్యాసంతా అమ్మానాన్నల కాపురం మీదే ఉండేది. ఒకరంటే ఒకరికి ప్రాణం. అయినా ఆ కాపురాన్ని చేజేతులా కూల్చుకున్నారు. విడిపోయి ఇరవై ఏళ్లు దాటాక కూడా, చివరి రోజుల్లో తండ్రి ఆ భార్య కోసమే ఏడ్చాడని ‘హోల్డ్ మీ టైట్’ పుస్తకంలో ఆమె రాశారు. పెళ్లి జోలికే వెళ్లకూడదనుకున్న ఆ అమ్మాయే తర్వాత కెనడాలో సైకోథెరపిస్ట్ అయి, జీవితమంతా భార్యాభర్తల మధ్యే కూర్చున్నారు. 2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

ఇష్టంలేక విడిపోయినవాళ్ల సంగతి మనకు తేలిగ్గానే అర్థమవుతుంది. ఇష్టం ఉండి కూడా ఒకరినొకరు కాల్చుకు తిన్నవాళ్లను చూసిన పిల్లకు ఆ తేలిక జవాబు దొరకదు. భార్యాభర్తల కోసం ఆమె తర్వాత రూపొందించిన చికిత్స పద్ధతికి పునాది ఈ దొరకని జవాబేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆమె పని మొదలుపెట్టిన రోజుల్లో దంపతులకు ఎక్కువగా నేర్పింది బేరసారాలు: నువ్వు ఇది చెయ్యి, నేను అది చేస్తాను. జాన్సన్ మాత్రం తన దగ్గరికొచ్చిన జంటల వీడియో టేపులు మళ్లీమళ్లీ పెట్టుకుని చూశారు. గొడవ దేని గురించో కాదు, గొడవలో ఎవరి ముఖం ఎప్పుడు మారుతోందో పట్టుకున్నారు. గురువు లెస్లీ గ్రీన్‌బర్గ్‌తో కలిసి దాన్నొక చికిత్సగా మలిచి, 1985లో తొలి ఫలితాలు ప్రచురించారు.

దానికి సిద్ధాంతబలం మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ దగ్గర దొరికింది. ఆయనా ఆ సిద్ధాంతానికి ఊరికే చేరలేదు. లండన్‌లో పేరున్న సర్జన్ కొడుకు. తల్లి కనిపించేది రోజుకు కాసేపే. పెంచిన ఆయా ఆయనకు నాలుగేళ్లు వచ్చే వేళకు వెళ్లిపోయింది. పెద్దయ్యాక ఆయన చదివిందల్లా తల్లికి దూరమైన పిల్లల మనసునే. ఆధారపడాలన్న అవసరం ఉయ్యాలతో తీరిపోదని, చివరిదాకా ఉంటుందని ఆయన అన్నాడు. మొగుడూపెళ్లాల కీచులాటలో జాన్సన్‌కు వినిపించింది ఆ అవసరమే.

మన ఇళ్ల మాటల్లో చెప్పుకుందాం. “ఎన్నిసార్లు చేసినా ఫోనెత్తరు” అని ఆమె అంటుంది. అతను మాట్లాడడు, లేచి బాల్కనీలోకి పోతాడు. అతను వెళ్లేకొద్దీ ఆమె గొంతు పెరుగుతుంది, గొంతు పెరిగేకొద్దీ అతను ఇంకా ముడుచుకుంటాడు. ఈ పద్ధతిలో పనిచేసే థెరపిస్ట్ ఫోను సంగతి విచారించరు. “ఆవిడ గొంతు పెరిగినప్పుడు మీకు లోపల ఏమవుతుంది?” అని అతన్ని మెల్లగా అడుగుతారు. చాలాసేపటికి అతను, “నేనేం చేసినా చాలదనిపిస్తుంది” అంటాడు. ఆ మాట నాకు కాదు, ఆవిడ వైపు తిరిగి చెప్పండంటారు. అసలు కష్టం అక్కడే. ఏళ్ల తరబడి ఒకే మంచం మీద పడుకున్న మనిషికి ఆ ఒక్క మాట చెప్పడానికి నోరు పెగలదు.

ఆధారపడాలన్న ఆ అవసరం మెదడులోనూ కనిపిస్తుందా అని చూసినవాళ్లున్నారు. 2006లో మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ కోన్ బృందం పదహారు మంది భార్యలను ఎంఆర్ఐ స్కానర్‌లో పడుకోబెట్టి, చిన్న కరెంటు షాక్ తగలబోతోందని చెప్పి చూసింది. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు మెదడులో భయపు స్పందన తగ్గింది. కాపురం బాగున్నవాళ్లలో మరింత తగ్గింది. తర్వాత జాన్సన్, కోన్ కలిసి చేసిన పరిశోధనలో, చికిత్సకు ముందు అంతగా ఊరటనివ్వని భర్త చెయ్యి చికిత్స అయ్యాక ఊరటనిచ్చిందని తేలింది. పదహారు మందిని చూసి లోకంలోని కాపురాలన్నిటికీ తీర్పు చెప్పలేం. అయినా బడలికతో ఉన్నప్పుడు తెలిసిన చెయ్యి భుజం మీద పడితే ఏమవుతుందో ఎరగని మనిషెవరు?

మన దగ్గర భార్యాభర్తల మధ్య కూర్చునే పని పెద్దమనుషులు చేస్తారు. వాళ్లను నేను చులకన చెయ్యను. కబురు పెడితే బస్సెక్కి వస్తారు, రాత్రి ఏ వేళదాకా అయినా కూర్చుంటారు, రెండు కుటుంబాలనూ ఎరుగుదురు. అంత ఓపిక ఏ క్లినిక్‌లో దొరుకుతుంది? కానీ పంచాయితీ అనగానే తప్పెవరిదన్న లెక్క మొదలవుతుంది. పెళ్లినాటి పెట్టుపోతల నుంచి ఆడపడుచు అన్న మాటదాకా అన్నీ బయటికొస్తాయి. చివరికి “సర్దుకుపోవాలమ్మా” అని అమ్మాయికే చెబుతారు. ఆ ఇద్దరిలో ఎవరికి దేనికి భయమో ఎవరూ అడగరు. ఆ ఒక్క ప్రశ్న మన పెద్దలు అడగడం నేర్చుకుంటే ఎంతో బాగుండునని నా కోరిక.

చేతులు లేచే ఇంట్లో మాత్రం ఈ ప్రశ్న వద్దు. దెబ్బలు సాగుతున్న చోట ఈ చికిత్స చేయకూడదని ఆ పద్ధతివాళ్లే చెబుతారు. కొట్టేవాడి ఎదుట కూర్చుని మనసు విప్పితే, అతని చేతికి ఇంకో ఆయుధం అందించినట్టే. అక్కడ తప్పెవరిదో అడిగి తీరాలి. 2005 నాటి గృహహింస చట్టం కింద ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గరికి దెబ్బలు తిన్న ఆమెకు తోడుగా వెళ్లే మనిషి కావాలి. ఆ రాత్రికి తలదాచుకునే చోటు చూడాలి. కాపురం గురించి మాట్లాడాలో వద్దో తర్వాత ఆమే చెబుతుంది.