చల్లబడిన బిడ్డ

(చదువవలసిన భాగము: రాజులు రెండవ గ్రంథము 4:18-37)



షూనేమీయురాలి కుమారుడు చనిపోయినప్పుడు ఎలీషా మొదట గేహజీచేత తన కర్రను పంపెను. దానివలన ఏమియు జరుగలేదు. పిమ్మట ప్రవక్త తానే వచ్చి, తలుపు వేసి, ప్రార్థించి, ఆ పిల్లవానిమీద తన శరీరమును చాచెను. అప్పుడు ఆ ఒంటిలోనికి వేడి వచ్చెను.

ఈ భాగమును మేము ఎన్నిమారులో బోధించితిమి. గాని గత నెల చివరను విశాఖపట్నపు ఆసుపత్రిలో మన సంఘ సహోదరిని చూచినప్పుడే దాని భావము మాకు తట్టినది. ఆమె 32 వారములకే ప్రసవించినది. బిడ్డ 1,400 గ్రాములు. ఆ బిడ్డను తన రొమ్ముల నడుమ ఒంటికి ఒళ్లు తగులునట్లు నిలువుగా ఉంచి, పైన చీర చుట్టుకొని కూర్చుండెను. దీనిని కంగారూ సంరక్షణ అందురు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరములో, బిడ్డలనుంచు వెచ్చని పెట్టెలు చాలక, వైద్యులు దీనిని ఆరంభించిరి. పేదరికములో పుట్టిన ఆ పద్ధతినే నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ దినమునకు 8 గంటలు మొదలు 24 గంటలవరకు చేయుమనుచున్నది.

నెలలు నిండని బిడ్డకు క్రొవ్వు తక్కువ గనుక ఒళ్లు త్వరగా చల్లబడును. చప్పరించుచు, మ్రింగుచు, ఊపిరి తీయుట చేతకాదు గనుక గొట్టముతో పాలు పోయుదురు. ఊపిరితిత్తులు ఇంకను పక్వము కావు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు అయిదున్నర వారములు ముందుగా పుట్టి, ఆ జబ్బుతోనే రెండు దినములైనను నిండక మరణించెను. నేడు అట్టి బిడ్డలలో అనేకులు బ్రదుకుచున్నారు.

అయినను ఆ తల్లిని ఎక్కువగా ఏడిపించినది జబ్బు కాదు, మనమే. ఏడవ నెల పిల్ల నిలుచును గాని ఎనిమిదవ నెల పిల్ల నిలువదని చూడవచ్చినవారు చెప్పిరట! ఇది వట్టి అబద్ధము. గర్భములో గడచిన ప్రతి వారము బిడ్డకు బలమే. ఎవరు చేసిన పాపమో యని మరొకరు గొణిగిరట. యోహాను 9వ అధ్యాయములో శిష్యులడిగిన ఆ ప్రశ్నను ప్రభువు త్రోసివేయలేదా? మేము మాత్రమేమి చేసితిమి? రెండు వారములు ఫోనులో ప్రార్థించి ఊరకుంటిమి. అది గేహజీ చేతి కర్రయే.

ఇంకొక సంగతి. బిడ్డ ఇంటికి వచ్చినంతమాత్రమున అంతయు తీరదు. ఇట్టి బిడ్డలకు కంటి వెనుక పొరలోని రక్తనాళములు సరిగా పెరుగక చూపు పోవచ్చును. పైకి కన్ను బాగుగానే కనబడును. పుట్టిన 30 దినములలోపల కంటి వైద్యునికి చూపి, ఆయన చాలుననువరకు మరల మరల చూపవలెను. సమయమునకు కనుగొనినయెడల లేజరు చికిత్సతో చూపు నిలుపవచ్చును.

మొదటి పరీక్ష ఆసుపత్రిలోనే అయినది. ఈ వారము వారు ఇంటికి వచ్చుచున్నారు. రెండవ పరీక్ష ఈ నెల రెండవ గురువారము. ఆమె భర్త బెల్లపు గానుగలో దినకూలి. వెంట పోయినయెడల ఆనాటి కూలి పోవును. అనకాపల్లి స్టేషనులో ఉదయపు బండికి ఆమెతో ఎవరు ఎక్కుదురో ఆదివారము ఆరాధన కాగానే మాతో చెప్పుడి.