దయయు తోడును

పైనుండి చేయి చాచుట దయ. ప్రక్కన నిలిచి చేయి పట్టుకొనుట తోడు. రెండును మంచివే. కాని కూలబడిన మనిషిని నిలబెట్టగలది ఏది యని అడిగినపుడు, వీని మధ్యనున్న భేదమును విచారింపక తప్పదు. హెచ్.ఐ.వి. సోకి, పేదరికమువలననో, వైధవ్యమువలననో, వృత్తివలననో వెలికి గురియైన స్త్రీల విషయమున ఈ విచారణ మిక్కిలి అవసరము.

మన దేశమున ఈ వ్యాధిక్రిమి 1986లో మద్రాసునందు మొదటిసారి బయల్పడెను. డాక్టరు సునీతి సాల్మన్, సెల్లప్పన్ నిర్మల గార్ల కృషివలన దానిని గుర్తించినది లైంగిక వృత్తిలోనున్న స్త్రీల రక్తములోనే. నాటినుండి వ్యాధి పేరు వినగనే స్త్రీ నడవడిని శంకించుట సంఘమునకు అలవాటయ్యెను. భర్తవలన సోకిన ఇల్లాండ్రు ఎందరో ఉన్నను, నింద వారినే వెన్నాడెను.

2004 ఏప్రిల్ 1వ తేదీనుండి ప్రభుత్వము ఏ.ఆర్.టి. మందులను ఉచితముగా ఇచ్చుట ఆరంభించెను. దినమును తప్పక మందు వాడినచో క్రిమి పరీక్షకు అందనంతగా అణగును. అట్లు అణగియున్నంతకాలము దాంపత్యమువలన ఇతరులకు సోకదు. చికిత్స లేనిచో తల్లినుండి బిడ్డకు సోకు అవకాశము నూటికి 15 మొదలు 45 వరకు ఉండగా, చికిత్సతో అది 5కు లోబడును. మధ్యలో మానినచో క్రిమి మందునకు లొంగక పోవచ్చును.

మందు ఉచితమే. అయినను మానువారు ఏల ఉందురు? గుండుగొలను వంటి ఊరిని తలచుకొన్నచో సమాధానము దొరకును. ఏలూరునుండి తాడేపల్లిగూడెము వైపు సాగు పెద్దరోడ్డు, కొల్లేటి చేపల చెరువులు, దినకూలి బ్రతుకులు. మందులకై పట్టణమునకు పోయిన నాడు కూలి పోవును. బస్సులో ఎరిగినవారు ఎదురైన ఎక్కడికని అడుగుదురు. మాత్రల డబ్బా అత్తగారి కంట బడకుండ దాచవలెను. వైద్యుడు మందు వ్రాసి ఇయ్యగలడు గాని, ఆ డబ్బాను ఎక్కడ దాచవలెనో చెప్పగలది దానిని దాచి బ్రతికిన స్త్రీయే. ఏండ్ల తరబడి మందు వాడుచు, పనికి పోవుచు, బిడ్డలను పెంచుచున్న స్త్రీ ఎదుట కూర్చుండుటయే క్రొత్తగా వ్యాధి తెలిసినదానికి ధైర్యము.

ఈ మార్గము ఊహామాత్రము కాదు. 1992లో కలకత్తా సోనాగాచిలో వృత్తిలోని స్త్రీలే తోటివారికి ఆరోగ్య బోధకులైరి. 1998లో మద్రాసున హెచ్.ఐ.వి. గల స్త్రీలే తమకై పాజిటివ్ విమెన్ నెట్‌వర్క్ అను సంఘమును నెలకొల్పుకొనిరి. పండ్రెండవ శతాబ్దమున వేశ్యావృత్తినుండి వచ్చిన సంకవ్వకు శరణుల నడుమ స్థానము లభించెను. ఆమె వచనమొకటి నేటికిని నిలిచియున్నది. గతమును అడిగి గడప వెలుపల నిలిపియుండినచో ఆ మాట మనకు దక్కెడిది కాదు.

దయలో ఒక లోపమున్నది. పుచ్చుకొనువాడు ఎన్నటికిని పుచ్చుకొనువాడుగనే మిగిలిపోవును. తోడులో అట్లు కాదు. నేడు ఊరట పొందినది రేపు మరియొకతెకు ఊరట నిచ్చును. ఇచ్చుటవలన ఆమె కోల్పోయిన గౌరవము తిరిగి ఆమెకు చేరును.

అయితే ఆక్షేపణలు లేకపోలేదు. ఇదివరకే భారము మోయుచున్న స్త్రీపై ఇంకొకరి దుఃఖమును మోపుట న్యాయమా? చిన్న ఊరిలో రహస్యము నిలుచునా? ఇవి త్రోసివేయదగినవి కావు. అందువలననే తోడుగా నిలుచు స్త్రీకి శిక్షణయు, తగిన వేతనమును, ఆమె అలసినపుడు ఆమెకును ఒక తోడును ఉండవలెను. కాయకమునకు విలువ కట్టక సేవయని పొగడి ఊరకుండుట దోపిడియే. ఇక రహస్యము. 2017లో చేయబడి 2018 సెప్టెంబరు 10 నుండి అమలునకు వచ్చిన చట్టము, రోగి సమ్మతి లేక ఆమె స్థితిని వెల్లడించుటను నిషేధించినది; పనిలోను, చదువులోను, వైద్యములోను వివక్షను తప్పుగా నిర్ణయించినది. తోటి స్త్రీకి ఈ నియమము మరింతగా వర్తింపవలెను. తోడు వైద్యునికి బదులు కాదు, ప్రభుత్వ బాధ్యతకు బదులు అంతకన్న కాదు.

మిగిలినది ఊరివారి ధర్మము. ఇల్లు అద్దెకు ఇచ్చుటకు వెనుదీయకుడు. ఆమె బిడ్డ ప్రక్కన మీ బిడ్డను కూర్చుండనిండు. వ్యాధి ఎట్లు వచ్చెనని అడుగకుడు. తెలిసిన మాటను మరియొక చెవికి చేర్పకుడు. ఈపాటి చేయగలిగిన ఊరిలో ఆమె డబ్బాను దాచుకొనవలసిన పని ఉండదు.