తూర్పుదిక్కునకు సాక్ష్యము

తరతరములుగా తాము పవిత్రమని నమ్మిన దానికి ఒక జాతివారు ప్రభుత్వము నెదుట నిలిచి రుజువు చూపవలసినదేనా యను ప్రశ్న, అమెరికాలోని మసాచుసెట్స్ తీరమున, నాంటకెట్ జలసంధిలో గాలిమరల కొఱకు జరిగిన వివాదమును తెలిసికొన్నది మొదలు నా మనస్సును విడువకున్నది. ‘కేప్ విండ్’ అను పేర 2001లో తలపెట్టబడిన ఆ పథకము, తీరమునకు సుమారు 5 మైళ్ల దూరమున, హార్స్‌షూ షోల్ అను ఇసుకమేటపై 130 మరలను నిలుపనెంచినది. ఒక్కొక్క దాని రెక్కకొన సుమారు 440 అడుగుల యెత్తునకు లేచును.

తీరమున విడిదిగృహములుగల ధనికులు తమ సముద్రదృశ్యము చెడుననిరి. జాలరులు తమ వేట సాగదనిరి. అచటి ఆదివాసులైన వాంపనోగ్ జాతివారి మాట వేఱు. అరుణోదయవేళ అడ్డులేని సముద్రముమీదుగా సూర్యుని దర్శించి ప్రార్థించుట తమ యాచారమనియు, ఆ మేట యొకప్పుడు మెట్టనేలయై యుండగా తమ పూర్వులు అచటనే నివసించి అచటనే ఖననము చేయబడిరనియు వారు విన్నవించిరి. దోసిట నీరు పట్టి, రెప్పవాల్చక తూర్పునకు తిరిగి, వ్రేళ్లసందుల నుండి ధార జాఱుచుండగా అర్ఘ్యమిచ్చు పెద్దలను చూచిన మనకు ఈ మాటను గ్రహించుట కష్టముగాదు. కాని విచారణాధికారికి పటములు కావలెను, పత్రములు కావలెను. భక్తుడు తన భక్తికి తానే సాక్షియై బోనెక్కవలెను. ఇంతకంటె దైన్యమేమున్నది?

2010 జనవరిలో ఆ జలసంధి చారిత్రకస్థలముల జాతీయ పట్టికలో చేర్పదగినదని జాతీయోద్యానశాఖ నిర్ణయించెను. ఏప్రిల్‌లో మంత్రి కెన్ సలజార్ పథకమునకు అనుమతి నొసగెను. తుదకు 2017లో అది విరమింపబడినది గాని, దానిని కూల్చినవి ఏండ్లతరబడి సాగిన వ్యాజ్యములును, విద్యుత్తు కొనుగోలు ఒప్పందముల రద్దును. ఆ జాతివారి ప్రార్థన గాదు.

గాలిమరలే అధర్మమని నేననను. బొగ్గుపొగచే వేడెక్కి పొంగుచున్న సముద్రము ఇంకెందఱి పితరుల నేలలనో ముంచనున్నది. ఆ పొంగును నిలుపుటయు పితృఋణమే. డెన్మార్కులో కోపెన్‌హేగన్ చెంత 2000లో నెలకొన్న మిడెల్‌గ్రుండెన్ మరల విషయమున, మొదట మూడు వరుసలుగా గీచిన 27 మరలను, ప్రజాభిప్రాయమును విన్న పిమ్మట, ఒకే వంపువరుసలో 20గా మార్చిరి; అందు సగము సహకారసంఘ సభ్యులదే. కన్నులకు కలుగు కష్టము అట్లు తీరవచ్చును. సమాధి యున్నదను చోట స్తంభమును బారెడు ప్రక్కకు జరిపిన నేమి ఫలము? హార్స్‌షూ షోల్‌పై గుర్తు పెట్టకమున్నే ఆ జాతి పెద్దల యొద్దకు పోయి, ‘ఈ నీటిలో మీకేమున్నది?’ అని యడిగియుండినచో, వేఱొక మేటను వెదకుటకు వ్యవధి యుండెడిది.